ఆన్‌లైన్ సోర్సును పరిశోధనలో వాడేముందు: నమ్మదగినదో కాదో తేల్చుకునే పద్ధతి

ఎంఏ ప్రాజెక్టు అయినా పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం అయినా, రిఫరెన్సుల వేట ఇప్పుడు సెర్చ్‌తోనే మొదలవుతోంది. అది మంచిదే. ఒకప్పుడు హైదరాబాద్‌కో విశాఖకో వెళ్లి లైబ్రరీలో కూర్చుంటే తప్ప దొరకని జర్నళ్లు, శాసన సంపుటాలు, గెజిటీర్లు ఇప్పుడు ఊళ్లో ఉండే చదువుకోవచ్చు. చిక్కల్లా ఎక్కడంటే, ఏళ్ల తరబడి కష్టపడి రాసిన పేపరూ, డబ్బు తీసుకుని వారంలో వేసేసిన పేపరూ తెర మీద ఒకేలా ఉంటాయి. రెండింటికీ అబ్‌స్ట్రాక్ట్ ఉంటుంది, రెండింటి చివరా రిఫరెన్సుల జాబితా ఉంటుంది.

కాబట్టి పేజీని ఎంతసేపు చూసినా నిజం తేలదు. దాని బయటికి వెళ్లి విచారించాలి. అందులోని మాట ఎక్కడ పుట్టిందో అక్కడిదాకా వెళ్లాలి. ఈ రెండు పనులూ ఎలా చేయాలో వివరంగా చూద్దాం.

1. ఈ సోర్సుతో ఏం నిరూపించాలనుకుంటున్నారు?

"ఇది మంచి సైటా?" అన్న ప్రశ్నకు విడిగా జవాబు ఉండదు. "నేను రాయబోయే ఈ వాక్యానికి ఇది సరిపోతుందా?" అని అడగాలి. ఒక పార్టీ వెబ్‌సైట్ ఆ పార్టీ ఏ హామీ ఇచ్చిందో చెప్పడానికి మొదటి రకం ఆధారం. ఆ హామీ నెరవేరిందని చెప్పడానికి అదే సైట్ పనికిరాదు. ప్రభుత్వ ప్రెస్ నోట్ ఒక పథకానికి ఎంత ప్రకటించారో చెబుతుంది. నిజంగా ఎంత ఖర్చయిందో తెలియాలంటే బడ్జెట్ పత్రాలు, కాగ్ నివేదికలు చూడాలి. అందుకే సెర్చ్ చేసేముందు మీ వాక్యాన్ని నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆధారం కోసం వెతుకుతున్నది ఆ వాక్యానికి.

2. పేజీ చదవడం ఆపి, పక్కన ఇంకో ట్యాబ్ తెరవండి

స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో ఒక అధ్యయనం వెలువరించారు. పదిమంది చరిత్ర పరిశోధకులు, పదిమంది వృత్తి ఫ్యాక్ట్ చెకర్లు, 25 మంది డిగ్రీ విద్యార్థులకు కొన్ని వెబ్‌సైట్లు ఇచ్చి, ఏది నమ్మదగినదో చెప్పమన్నారు. వాటిలో ఒక జత అమెరికా పిల్లల వైద్యుల సంఘాలది. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 1930 నుంచి ఉన్న, వేలాది మంది సభ్యులున్న సంస్థ. అమెరికన్ కాలేజ్ ఆఫ్ పీడియాట్రిషియన్స్ 2002లో దాని నుంచి విడిపోయినవాళ్లు పెట్టుకున్న చిన్న గుంపు. పేర్లు దాదాపు ఒకటే, సైట్లు రెండూ శుభ్రంగా ఉన్నాయి. ఫ్యాక్ట్ చెకర్లందరూ తేడా పట్టుకున్నారు. చరిత్రకారుల్లో సగం మందే పట్టుకున్నారు, విద్యార్థులు అంతకన్నా తక్కువ.

ఫ్యాక్ట్ చెకర్లకు ఎక్కువ చదువు ఉందని కాదు. మిగతావాళ్లు పేజీని పైనుంచి కిందికి చదువుతూ లోగో, భాష, "మా గురించి" చూశారు. ఫ్యాక్ట్ చెకర్లు కొన్ని క్షణాలకే ఆ పేజీ వదిలేసి, వేరే ట్యాబుల్లో ఆ సంస్థ పేరు వెతికి, ఇతరులు దాని గురించి ఏమంటున్నారో చూశారు.

మీరూ అదే చేయండి. సంస్థ పేరును కొటేషన్ గుర్తుల్లో పెట్టి, ఆ సంస్థ సొంత సైట్ ఫలితాల్లో రాకుండా తీసేసి వెతకండి. ఎవరు నడుపుతున్నారు, డబ్బు ఎక్కడినుంచి వస్తోంది, దానిమీద ఎప్పుడైనా వివాదం వచ్చిందా చూడండి. రచయిత పేరుతోనూ ఇలాగే. ఫలానా యూనివర్సిటీ ప్రొఫెసర్ అని ఉంటే ఆ యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్ పేజీలో పేరు ఉందా? ఆ వ్యక్తి మాట్లాడుతున్నది సొంత రంగంలోనేనా? మంచి ఇంజనీరు ప్రాచీన చరిత్ర గురించి రాస్తే, అది మంచి ఇంజనీరు రాసిన చరిత్ర అవుతుందే తప్ప చరిత్రకారుడి పని కాదు.

డొమైన్ చివర ప్రభుత్వ ముద్ర ఉన్నంత మాత్రాన, లేదా విద్యాసంస్థ అని ఉన్నంత మాత్రాన పని అయిపోలేదు. యూనివర్సిటీ సైట్లలో సెమినార్ కరపత్రాలూ ఉంటాయి, విద్యార్థుల అసైన్‌మెంట్లూ ఉంటాయి.

3. మాట పుట్టిన చోటికి వెళ్లండి

ఎక్కువమంది వదిలేసే అడుగు ఇదే, అన్నిటికన్నా ఫలితం ఇచ్చేదీ ఇదే. మనకు బాగా తెలిసిన ఉదాహరణ తీసుకుందాం. "తొలి తెలుగు శాసనం" అని వెతికితే పదుల పేజీలు ఒకే సమాధానం ఇస్తాయి: కడప జిల్లా కలమళ్ల శాసనం, రేనాటి చోడుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించాడు, క్రీ.శ. 575. ఇన్ని చోట్ల ఉంది కదా, రాసేద్దాం అనిపిస్తుంది. అయితే ఆ పేజీలను పక్కపక్కన పెట్టి చదివితే వాక్యాలు కూడా ఒకటే అని తెలుస్తుంది. యాభై పేజీలు ఒకరినొకరు కాపీ చేసుకుంటే అవి యాభై ఆధారాలు కావు. ఒకటే ఆధారం, అదీ ఇంకా మనం చూడనిది.

వెనక్కి వెళ్తూ పోతే, శాసనాలను ప్రచురించే ఎపిగ్రాఫియా ఇండికా 27వ సంపుటం దగ్గర ఆగుతాం. అనంతపురం, కడప జిల్లాల తెలుగు చోళుల శాసనాలను నీలకంఠ శాస్త్రి, ఎం. వెంకటరామయ్య అందులో ప్రకటించారు. శాసన పాఠం చదివితే అందులో శక సంవత్సరం లేదని అర్థమవుతుంది. కాలాన్ని అక్షరాల తీరును బట్టి ఊహించి, 6వ శతాబ్దం చివరి భాగమని నిర్ణయించారు. అంటే సైట్లలో తేదీలా కనిపించే "575" నిజానికి లిపి శాస్త్రవేత్తల అంచనా. సిద్ధాంత గ్రంథంలో "575లో వేయించాడు" అని రాయడానికీ, "లిపిని బట్టి 6వ శతాబ్దం చివరి పాదానికి చెందినదిగా భావిస్తున్నారు" అని రాయడానికీ చాలా తేడా ఉంది. వైవాలో అడిగితే రెండో వాక్యం నిలబడుతుంది.

"తొలి" అన్న మాటనూ పరీక్షించాలి. ప్రాకృత శాసనాల్లో కనిపించే విడి తెలుగు పదాల మీద, అమరావతి "నాగబు" మీద, కీసరగుట్ట రాతిమీది మాట మీద వేరే చర్చ ఉంది. తొలి తెలుగు పదం గురించిన వాదన వేరు, పూర్తి తెలుగు వాక్యాలున్న తొలి శాసనం గురించిన వాదన వేరు. మూలం చూసినవాళ్లకే ఈ తేడా తెలుస్తుంది.

తెలుగు మూలాల విషయంలో రెండు జాగ్రత్తలు. పాత పుస్తకాల స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చాలా ఉన్నాయి, కానీ స్కాన్ చేసిన తెలుగు అక్షరాలను కంప్యూటర్ సరిగా గుర్తించదు. పీడీఎఫ్‌లో వెతికితే మాట దొరకలేదు కాబట్టి పుస్తకంలో లేదు అనుకోకండి. విషయసూచిక, పదసూచిక చూసి చేత్తో తిప్పాలి. అను ఫాంట్లలో కంపోజ్ చేసిన పత్రికల పీడీఎఫ్‌లదీ ఇదే కథ, యూనికోడ్‌లో వెతికితే అవి చిక్కవు. రెండోది, స్కాన్‌లో పీడీఎఫ్ చూపించే పేజీ సంఖ్య, పుస్తకంలో అచ్చయిన పేజీ సంఖ్య వేరు. ఫుట్‌నోట్‌లో అచ్చయిన సంఖ్యే ఇవ్వాలి.

4. జర్నల్ అసలుదేనా?

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే మన విద్యార్థులు ఎక్కువగా నష్టపోతున్నది ఇక్కడే.

డబ్బు తీసుకుని, సమీక్ష (అదే రంగం నిపుణుల పరిశీలన) చేయకుండా పేపర్లు వేసే జర్నళ్లను ప్రిడేటరీ జర్నళ్లు అంటారు. 2013లో జాన్ బోహనన్ అనే సైన్స్ జర్నలిస్టు, లైకెన్ నుంచి తీసిన పదార్థం క్యాన్సర్‌ను అణచివేస్తుందని చెప్పే ఒక పేపరు కల్పించి, అందులో ఎవరికైనా కనిపించే తప్పులు కావాలనే పెట్టి, 304 ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవగల) జర్నళ్లకు పంపాడు. 157 జర్నళ్లు వేస్తామన్నాయి, 98 తిరస్కరించాయి. ఆ జర్నళ్లలో దాదాపు మూడో వంతు భారత్ నుంచి నడిచేవే. వాటిలో 64 ఒప్పుకున్నాయి, 15 మాత్రమే కాదన్నాయి.

ఇది మన గుమ్మంలో జరుగుతున్న వ్యవహారం కూడా. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసిన ఓమిక్స్ అనే జర్నళ్ల ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. సమీక్ష గురించి, ఫీజుల గురించి పరిశోధకులను మోసపుచ్చిందని నిర్ధారించి, 2019 మార్చిలో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పు ఇచ్చింది.

మరి ఎలా తేల్చుకోవాలి? ముందుగా, దేన్ని నమ్మకూడదో చూద్దాం. ఐఎస్‌ఎస్‌ఎన్ ఉంది కాబట్టి మంచి జర్నల్ అనుకోవద్దు. అది ఎనిమిది అంకెల గుర్తింపు సంఖ్య, నాణ్యతకు ముద్ర కాదు. డీఓఐ కూడా అంతే, పేపరుకు స్థిరమైన చిరునామా మాత్రమే. "గ్లోబల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్" లాంటి పేర్లతో కనిపించే అంకెలను అసలు లెక్కలోకే తీసుకోవద్దు. అసలైన జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్ పేపర్లను ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉటంకించారో చెప్పే అంకె) లెక్కగట్టేది క్లారివేట్ సంస్థ. "యూజీసీ అప్రూవ్డ్" అన్న బ్యానర్ చూసి కూడా ఆగకండి. యూజీసీ తన పాత ఆమోద జాబితా నుంచి 2018 మేలో 4,305 జర్నళ్లను ఒకేసారి తీసేసింది. తర్వాత తెచ్చిన కేర్ జాబితాను కూడా 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. ఇంకా "కేర్ లిస్టెడ్" అని ప్రచారం చేసుకునే జర్నల్ అమలులో లేని ముద్రను చూపిస్తోందన్నమాట.

చేయాల్సింది ఇది. జర్నల్ సైట్‌లో స్కోపస్ (ఎంపిక చేసిన జర్నళ్ల డేటాబేస్) లోగో ఉంటే, లోగో మీద నొక్కకుండా స్కోపస్ సొంత సోర్సుల పేజీకి వెళ్లి ఐఎస్‌ఎస్‌ఎన్ టైప్ చేయండి. దానికి చందా అవసరం లేదు. అలాంటిదే అయిన వెబ్ ఆఫ్ సైన్స్ మాస్టర్ జర్నల్ లిస్ట్ కూడా ఉచితంగానే వెతకొచ్చు. ఓపెన్ యాక్సెస్ జర్నల్ అయితే ఆ రకం జర్నళ్ల డైరెక్టరీ డీఓఏజేలో చూడండి. బోహనన్ బయటపెట్టిన తర్వాత ఆ డైరెక్టరీ అన్ని జర్నళ్లనూ మళ్లీ దరఖాస్తు చేయమని అడిగి, 2016లో దాదాపు 3,300 జర్నళ్లను తొలగించింది. ఇప్పుడు అందులో ఉండటానికి కొంత విలువ ఉంది. స్కోపస్‌లో పేరు కనిపించినా కవరేజీ ఏ సంవత్సరం వరకు ఉందో చూడండి. మధ్యలో తీసేసిన జర్నళ్లు పాత గుర్తింపును ఏళ్ల తరబడి వాడుకుంటాయి.

హైజాకింగ్ మరో మోసం. పేరున్న పాత జర్నల్ పేరుతో, అదే ఐఎస్‌ఎస్‌ఎన్‌తో నకిలీ సైట్ తయారుచేసి ఫీజులు వసూలు చేస్తారు. ఐఎస్‌ఎస్‌ఎన్ పోర్టల్‌లోనో స్కోపస్‌లోనో ఇచ్చిన లింకూ, మీరు చూస్తున్న సైట్ చిరునామా ఒకటేనా అని పోల్చండి. వెనక్కి తీసుకున్న పేపర్ల మీద నిఘా ఉంచే రిట్రాక్షన్ వాచ్ సంస్థ, హైజాక్ అయిన జర్నళ్ల జాబితా కూడా నడుపుతోంది, అందులోనూ వెతకండి.

తర్వాత ఎడిటోరియల్ బోర్డు నుంచి ఇద్దరి పేర్లు తీసుకుని వాళ్ల యూనివర్సిటీ పేజీలు చూడండి. తాము బోర్డులో ఉన్నట్టు తమకే తెలియని ప్రొఫెసర్లు చాలామంది ఉన్నారు. పాత సంచికలు తెరిచి శీర్షికలు చదవండి. ఒకే సంచికలో వరి సాగు, బ్లాక్‌చెయిన్, ప్రబంధ సాహిత్యం పక్కపక్కనే ఉంటే దాన్ని సమీక్షించినవాళ్లు ఎవరై ఉంటారు? వారంలో పీర్ రివ్యూ (సమీక్ష) పూర్తి అని హామీ ఇస్తే అక్కడితో వదిలేయండి.

పేపరు వేయాలన్న టెన్షన్‌లో ఉన్న స్కాలర్లకు ఒక మాట. 2022 నవంబరులో వచ్చిన యూజీసీ పీహెచ్‌డీ నిబంధనలు, సిద్ధాంత గ్రంథం సమర్పించేముందు జర్నల్‌లో పేపరు తప్పనిసరి అన్న షరతును తీసేశాయి. మీ యూనివర్సిటీ సొంతంగా పెట్టుకున్న నియమం ఉండొచ్చు, దాన్ని రాతపూర్వకంగా చూడండి. సీనియర్ చెప్పాడని వాట్సాప్‌లో వచ్చిన జర్నల్‌కు డబ్బు కట్టకండి.

5. ఆ పేపరును వెనక్కి తీసుకున్నారా?

గొప్ప జర్నల్‌లో వచ్చినంత మాత్రాన పేపరు నిలబడుతుందని లేదు. 2020 మే 22న లాన్సెట్‌లో హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద ఒక అధ్యయనం వచ్చింది. 671 ఆసుపత్రుల నుంచి 96 వేల మంది కోవిడ్ రోగుల డేటా అన్నారు. ఆ మందు మరణాలు పెంచుతోందన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ట్రయల్‌లో ఆ మందు పరీక్షను తాత్కాలికంగా ఆపింది. అయితే డేటా ఇచ్చిన సర్జిస్ఫియర్ కంపెనీ ముడి సమాచారం చూపించలేకపోయింది. ఏప్రిల్ 21 నాటికి ఆస్ట్రేలియా ఆసుపత్రుల్లో 73 మరణాలని పేపరులో ఉంది. ఆ రోజుకు ఆ దేశం మొత్తంలో నమోదైన మరణాలే 67. జూన్ 4న పేపరును వెనక్కి తీసుకున్నారు.

ఇక్కడ నేర్చుకోవాల్సినవి రెండు. ఎవరైనా ఇంటర్నెట్‌లో చూడగలిగే అంకెతో పోల్చడమే ఆ పేపరులోని తేడా బయటపెట్టింది. కాబట్టి పేపరులోని ఒక్క అంకెనైనా బయటి లెక్కతో సరిచూడండి. రెండోది, వెనక్కి తీసుకున్న తర్వాత కూడా ఆ డేటా మీద వచ్చిన పేపర్లను పరిశోధకులు వాడుతూనే ఉన్నారు. వాటిని ఉటంకించిన 200 వ్యాసాలను సైన్స్ పత్రిక పరిశీలిస్తే, సగానికి పైగా వ్యాసాలు రిట్రాక్షన్ (వెనక్కి తీసుకోవడం) సంగతే ప్రస్తావించలేదు.

రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌ను, డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ 2023లో తీసుకుని అందరికీ ఉచితంగా ఇచ్చింది. అక్కడ శీర్షికతోనో డీఓఐతోనో వెతకండి. రిఫరెన్సులను జోటెరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దాచుకుంటే, వెనక్కి తీసుకున్న పేపరు ఉన్నప్పుడు అదే హెచ్చరిస్తుంది. స్నేహితుడు పంపిన పీడీఎఫ్ పాత కాపీ కావచ్చు, దాని మీద రిట్రాక్షన్ ముద్ర ఉండదు. డీఓఐ ద్వారా ప్రచురణకర్త పేజీకి వెళ్లి చూడటం ఎప్పుడూ మంచిది. సమర్పించే ముందు వారం అన్ని రిఫరెన్సులనూ మరోసారి చూసుకోండి.

ప్రీప్రింట్ల (సమీక్షకు ముందే ఆన్‌లైన్‌లో పెట్టే పేపర్ల) సంగతి కూడా ఇక్కడే. వాటిని ఉంచే సైట్లు ఆర్‌కైవ్ (arXiv) 1991 నుంచి, బయోఆర్‌కైవ్ (bioRxiv) 2013 నుంచి ఉన్నాయి, మంచి పని ముందుగా కనిపించేది వాటిలోనే. కానీ అవి సమీక్ష కాని పేపర్లు. 2020 జనవరి 31న ఢిల్లీ పరిశోధకులు కరోనా వైరస్‌లో హెచ్ఐవీని పోలిన భాగాలున్నాయని పెట్టిన ప్రీప్రింట్‌ను, విమర్శలు రాగానే వాళ్లే రెండు మూడు రోజుల్లో ఉపసంహరించుకున్నారు. ఈలోగా అది సోషల్ మీడియాలో తిరిగేసింది. ప్రీప్రింట్ వాడితే అది ప్రీప్రింట్ అని రాయండి, తర్వాత జర్నల్‌లో వచ్చిందేమో చూడండి.

6. పేపరు లోపల వింత భాష

కాపీ దొరకకుండా సాఫ్ట్‌వేర్‌తో పదాలు మార్చేసిన పేపర్లు వేలల్లో ఉన్నాయి. గియోమ్ కబనాక్, సిరిల్ లబ్బే, అలెగ్జాండర్ మాగజినోవ్ 2021లో వీటిని బయటపెట్టారు. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ ఉండాల్సిన చోట కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్ అనీ, బ్రెస్ట్ క్యాన్సర్ ఉండాల్సిన చోట బోసమ్ పెరిల్ అనీ ఉంటుంది. మీ రంగంలో స్థిరపడిన పదం బదులు ఎవరూ వాడని పదం కనిపిస్తే పేపరును పక్కన పెట్టండి.

7. అంకెలు: ఏ ప్రాంతానికి, ఏ సంవత్సరానికి?

తెలుగు రాష్ట్రాల మీద పనిచేసేవాళ్లకు ఇది ప్రత్యేకమైన సమస్య. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. ఖమ్మం జిల్లా మండలాలు కొన్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. తెలంగాణ జిల్లాలు 2016 అక్టోబరులో పది నుంచి 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. 2011 జనగణనలో "వరంగల్ జిల్లా" అంటే ఇప్పటి చాలా జిల్లాల ప్రాంతం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడతలో తెలంగాణకు పది జిల్లాలు, ఐదో విడతలో 31. పేరు ఒకటే కదా అని రెండు అంకెలు పక్కపక్కన పెట్టి "పెరిగింది" అని రాస్తే, మొత్తం అధ్యాయమే తప్పవుతుంది.

ఒక సులువైన పరీక్ష: "2021 జనగణన ప్రకారం" అని ఏ సైట్ అయినా భారతదేశ అంకె ఇస్తే ఆ సైట్‌ను వదిలేయండి. 2021లో జనగణన జరగలేదు. అలాంటి అంకె అంచనా అయినా అయ్యుండాలి, కల్పన అయినా అయ్యుండాలి.

8. వికీపీడియా, ఏఐ

వికీపీడియా చదవండి, ఉటంకించకండి. కింద ఉన్న మూలాలు తెరవండి. 2008లో ఒక అమెరికా విద్యార్థి వికీపీడియాలో కోఆటి (coati) అనే జంతువుకు "బ్రెజిలియన్ ఆర్డ్‌వార్క్" అని సొంతంగా పేరు చేర్చాడు. పత్రికలు, పుస్తకాలు ఆ పేరును వాడాయి, తర్వాత అవే వికీపీడియాలో ఆ పేరుకు ఆధారాలయ్యాయి. అందుకే మూలం తేదీ, వికీలో ఆ వాక్యం చేరిన తేదీ పోల్చండి. "చరిత్ర" ట్యాబ్‌లో అది కనిపిస్తుంది.

చాట్‌జీపీటీ లాంటి వాటిని రిఫరెన్సులు అడిగితే, లేని పేపర్లను నిజమైన రచయితల పేర్లతో, నమ్మదగిన శీర్షికలతో ఇవ్వగలవు. 2023 జూన్‌లో న్యూయార్క్ కోర్టు, అలా పుట్టిన తీర్పులను పిటిషన్‌లో పెట్టిన న్యాయవాదులకు 5,000 డాలర్ల జరిమానా వేసింది. ఏఐ ఇచ్చిన ప్రతి రిఫరెన్సునూ డీఓఐతో తెరిచి, వచ్చిన పేపరు శీర్షిక అదేనా, అందులో మీకు చెప్పిన మాట నిజంగా ఉందా చూడండి. మీరు తెరిచి చదవని పేపరు మీ జాబితాలో ఉండకూడదు.

9. దాచుకోండి, నిజాయితీగా రాయండి

వెబ్ పేజీలు మాయమవుతాయి. జీఓలను ఆన్‌లైన్‌లో పెట్టే పద్ధతిని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 ఆగస్టులో ఆపి, మూడేళ్ల తర్వాత మళ్లీ మొదలుపెట్టింది. వాడిన ప్రతి పేజీనీ ఇంటర్నెట్ ఆర్కైవ్ వేబ్యాక్ మెషీన్‌లో సేవ్ చేసి, ఆ లింకూ, చూసిన తేదీ నోట్సులో పెట్టుకోండి. పక్కనే ఈ సోర్సును ఎందుకు నమ్మారో ఒక్క వాక్యం రాయండి. గైడ్ అడిగినప్పుడు అదే జవాబు.

మంచి పేపరు చందా గోడ వెనక ఉంటే నిరాశపడి నాసిరకం దానితో సరిపెట్టుకోవద్దు. 2025 జనవరిలో మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ విద్యాసంస్థలకు 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్లు అందుబాటులోకి వచ్చాయి. మీది ప్రభుత్వ యూనివర్సిటీయో కాలేజీయో అయితే లాగిన్ ఎలాగో లైబ్రేరియన్‌ను అడగండి. ప్రైవేటు కాలేజీ అయితే అన్‌పేవాల్ అనే ఉచిత టూల్‌తో చట్టబద్ధమైన ఉచిత కాపీ వెతకండి, భారతీయ పీహెచ్‌డీ గ్రంథాల భాండాగారం శోధగంగలో అదే అంశం మీద వచ్చిన సిద్ధాంత గ్రంథాలు చూడండి, లేదంటే రచయితకే మర్యాదగా మెయిల్ రాయండి. చాలామంది సంతోషంగా పంపుతారు.

ఎంత వెతికినా బలహీనమైన సోర్సు ఒక్కటే దొరికితే, దాన్ని వాడకూడదని లేదు. ఎవరు చెప్పారో, ఏ ఆధారంతో చెప్పారో, మూలం మీకు దొరకలేదన్న సంగతీ ఫుట్‌నోట్‌లో స్పష్టంగా రాయండి. మీ తర్వాత అదే దారిలో వచ్చే పరిశోధకుడు ఎక్కడినుంచి వెతకాలో అక్కడే తెలుసుకుంటాడు.